ముప్పై నాలుగు మార్కుల పిల్లలు

నెల్లూరులో ఆ ప్రైవేటు మెడికల్ కాలేజీ గేటుకి కట్టిన ఫ్లెక్సీలో స్వర్ణ ఫొటో కూడా ఉంది. ఆర్నెల్లు చెన్నైలో శిక్షణకి వెళ్ళి ఆ పొద్దుటే తిరిగొచ్చిన మనిషి ఆటో దిగి తలెత్తేసరికి తన ముఖమే తనకి ఎదురైంది. పైన పెద్ద అక్షరాలతో ‘పసిపిల్లల పోషకాహార పరిశోధనలో మన కాలేజీ ఘనవిజయం’ అని ఉంది. నడుమ ఆ పరిశోధన నడిపించిన డాక్టర్ నరేంద్రబాబు గారు దండ వేసుకుని నవ్వుతున్నారు. కింద చిన్న చిన్న గుండ్రాల్లో మరో నలుగురు. చివరి గుండ్రంలో స్వర్ణ, స్టాటిస్టిక్స్ లెక్చరర్.

ఆమెకి సంతోషం కలగలేదు. ఇదెప్పుడు జరిగిందబ్బా అనుకుంది.

పరిశోధన ఆమె ఎరగనిదేం కాదు. జువ్వలదిన్నె చుట్టుపక్కల, సముద్రం ఒడ్డునున్న జాలరి పాలేల్లో పొద్దున పూట పసిపిల్లలకి అన్నం పెట్టే ట్రస్టు ఒకటుంది. అన్నం, పప్పు, రోజూ ఒక కోడిగుడ్డు. ఆ ట్రస్టువాళ్ళే మునగాకు, రాగులు, శనగలు కలిపి ఒక పొడి తయారుచేయించి, అది తాగితే పిల్లలకి రక్తం పడుతుందో లేదో తేల్చమని కాలేజీని అడిగారు. రక్తం తక్కువగా ఉన్న పిల్లల్ని ఎంచి, చీటీలు తీసి రెండు జట్లు చేశారు. ఒక జట్టు అన్నం, గుడ్డుతో పాటు పొడి కూడా తాగాలి. రెండో జట్టుకి అన్నం, గుడ్డు మాత్రమే. ఆరు నెలలయ్యాక అందరికీ మళ్ళీ వేలికి సూది గుచ్చి చూడాలి. చీటీల పద్ధతి మొదలుకుని చివర్లో లెక్క ఎలా కట్టాలనేదాకా అంతా రాసిచ్చింది స్వర్ణే. రెండోసారి రక్తం చూసిన వెంటనే ఆమెకి చెన్నై పిలుపొచ్చింది. తిరిగొచ్చి లెక్క కడతాననుకుంది. ఈలోపు వాళ్ళే కట్టేశారు, పేపరు రాసేశారు, ఒక వైద్య పత్రికలో అచ్చు కూడా వేయించేశారు. రచయితల్లో ఆమె పేరుంది. పేరు పక్కన ఆమె ఈమెయిలు బదులు డిపార్టుమెంటు ఈమెయిలు ఉంది. అందుకే ఆమెదాకా ఏ కబురూ రాలేదు.

స్టాఫ్ రూములో కూర్చుని పేపరు చదివింది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. కంప్యూటర్లో పిల్లల అంకెలు తెరిచి, తను ముందే రాసిపెట్టిన పద్ధతిలో లెక్క కట్టింది. ఆ తర్వాత లేచి నేరుగా నరేంద్రబాబు గారి గదికి వెళ్ళింది.

నరేంద్రబాబు అల్లూరు వైపు వరి పండించే కుటుంబంలోంచి వచ్చిన డాక్టరు. మంచివాడనే పేరుంది. చేపలు పట్టే పట్టపువాళ్ళ పిల్లకి లెక్చరర్ ఉద్యోగమేంటని మేనేజిమెంటులో ఎవరో నసిగితే, టేబుల్ మీద గుద్ది మరీ ఆమెని వేయించినవాడు. స్వర్ణకి ఆయనంటే గౌరవం. ఆ గౌరవంతోనే తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“రా స్వర్ణా, కూర్చో. ఫ్లెక్సీ చూశావా? నీ ఫొటో బాగా పడింది.”

“చూశాను సార్. పేపరూ చూశాను. లెక్క తప్పింది.”

“అచ్చుతప్పా?”

“కాదు సార్, లెక్కే. పొడి తాగిన జట్టులో రక్తం పెరిగింది, ఆ పెరుగుదల నమ్మదగ్గదని రాశారు. తాగని జట్టులో పెరిగింది నమ్మదగ్గది కాదని రాశారు. కాబట్టి పొడి పని చేసిందన్నారు. మరి ఈ జట్టునీ ఆ జట్టునీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చిన లెక్క ఎక్కడుంది?”

“ఒకటి పెరిగింది, ఒకటి పెరగలేదు. ఇంకా పోల్చేదేముంది?”

“రెండూ పెరిగాయి సార్. ఒకటి నమ్మదగ్గదనే గీత దాటింది, రెండోది గీతకి వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ఇప్పుడే పోల్చి చూసొచ్చాను. రెంటికీ మధ్య తేడా ఉందని చెప్పడానికి వీల్లేదు.”

నరేంద్రబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విషయం ఆయనకి అర్థమైందని స్వర్ణకి తెలిసిపోయింది. అర్థం కానివాళ్ళు వాదిస్తారు. ఆయన వాదించలేదు.

“పొడి విషమేం కాదు గదమ్మా,” అన్నాడు. “మునగాకు, రాగులు. పిల్లలు తాగితే వచ్చే నష్టమేంటి?”

“నష్టం లేకపోవచ్చు. లాభం ఉందని మాత్రం మనం చెప్పలేం. తెలియలేదని రాద్దాం సార్. పొడి పని చేస్తుందో లేదో మాకింకా తెలియలేదని దిద్ది పంపిద్దాం.”

“తెలియలేదంటే ఫ్లెక్సీ ఎవరు కడతారు స్వర్ణా?” ఆయన నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. “ట్రస్టువాళ్ళు ఇప్పటికే ముందుకెళ్ళిపోయారు. కావలి నుంచి తోటపల్లి గూడూరు దాకా అన్ని సెంటర్లలోనూ పొడి మొదలుపెడుతున్నారు. వచ్చే నెల నించి గుడ్డు ఆపేస్తారు. రెండూ పెట్టడం వాళ్ళకీ భారమే.”

స్వర్ణ కుర్చీలో ముందుకి జరిగింది. “గుడ్డు ఆపేస్తారా?”

“అది వాళ్ళ నిర్ణయం.”

“మన పేపరు చూపించి ఆపుతున్నారు సార్. నా పేరు చూపించి ఆపుతున్నారు.”

“చూడు, ఎల్లుండి మీ పాలెంలోనే ప్రారంభోత్సవం. మీ ఊరి బిడ్డవని నిన్ను స్టేజీ మీదికి పిలుస్తారు. రెండు మాటలు మాట్లాడు. పత్రిక సంగతి తర్వాత తీరిగ్గా చూద్దాం.”

స్వర్ణ లేచి నిలబడింది. “మాట్లాడతాను సార్,” అంది.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఒప్పుకుందనే అనుకున్నాడు.

మర్నాడు రైల్లో బిట్రగుంటలో దిగి, ఆటో పట్టుకుని పాలెం చేరింది. జూన్ మొదటి వారం. వేసవిలో రెండు నెలలు సముద్రంలో చేపల వేట మీద ఉండే నిషేధం ఇంకా ఎత్తలేదు. పడవలన్నీ ఇసకలోకి లాగి ఉన్నాయి. మగవాళ్ళంతా ఒడ్డునున్న రేకుల షెడ్డులో వలలు బాగుచేసుకుంటున్నారు. ఆ షెడ్డు కట్టించింది కూడా ట్రస్టే. ఇంట్లో పప్పూ ఊరగాయతో అన్నం పెట్టింది అమ్మ. ఈ రెండు నెలలూ పాలెంలో ఏ ఇంట చూసినా అంతే. చేపకి చేప లేదు, చేతిలో రూపాయి లేదు. స్వర్ణ చిన్నప్పటి నుంచీ ఎరిగిన కరువది.

అన్నం తింటూ ఉండగానే పక్కింటి చెంచులక్ష్మి వచ్చి గడపలో కూర్చుంది. ఆమె కూతురు ఆ పరీక్షలో రెండో జట్టు, అంటే పొడి అందని జట్టు.

“స్వర్ణక్కా, ఆ చీటీలు ఏసింది నువ్వే గదా?” అంది చెంచులక్ష్మి. గొంతులో నిష్ఠూరం దాచుకోలేదు. “ఊరందరి బిడ్డలూ పొడి తాగతా ఉంటే నా బిడ్డ ఉత్త గ్లాసు పట్టుకుని చూస్తా కూసున్న్యాది. నీకు చెప్పుకుంటే మారుస్తావని ఎదురుచూసినా.”

“చీటీలో వచ్చిందాన్ని మార్చకూడదు లక్ష్మీ. అయినా నీ బిడ్డకేమైంది? రెండోసారి సూది గుచ్చినప్పుడు రక్తం పెరిగిందని చెప్పలేదా?”

“చెప్పినారు. మనిషి తేరుకునింది గూడా. ఇప్పుడు గోడలెక్కి దూకతా ఉండాది. అయితే సుశీల్ కుమార్ సారు ఇంటింటికీ తిరిగి ఏం చెప్పినాడో తెలుసునా? పొడి తాగని బిడ్డలు ఎనకబడిపోయినారంట. పేపర్లో రాసినారంట. మా అత్త నన్ను తిట్టని తిట్టు లేదు. బిడ్డకి తిండి గూడా సరిగ్గా ఇప్పించుకోలేకపోయినావని.”

సుశీల్ కుమార్ ట్రస్టు మేనేజరు. స్వర్ణ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. నిన్నటిదాకా ఆమెకి అది ఒక తప్పు లెక్క. ఇప్పుడు ఆ తప్పే గడపలో కూర్చుని, తన బిడ్డ ఎందుకు వెనకబడిందని అడుగుతోంది.

“నీ బిడ్డ ఎనకబళ్ళేదు,” అంది. చెన్నై, నెల్లూరు మాటలన్నీ పోయి పాలెం మాట వచ్చేసింది. “మొదట రక్తం చూసింది నిరుడు ఎప్పుడు? నిషేధం ఎత్తేసిన వారంలోనే గదా. రెండు నెలలు ఒట్టి పప్పునీళ్ళు తాగిన బిడ్డలకి రక్తం యాడుంటాది? ఆ తర్వాత పడవలు పోయినాయి, నెత్తళ్ళు వచ్చినాయి, కానాగంతలు వచ్చినాయి, ఇంటింటా చేపలకూర ఉడికింది. పొడి తాగినోళ్ళకీ పెరిగింది, తాగనోళ్ళకీ పెరిగింది. సముద్రం పెట్టిందెంత, పొడి పెట్టిందెంత అని ఇడదీసి చూడ్డానికే నీ బిడ్డని రెండో జట్టులో పెట్టినాం. మావాళ్ళు ఇడదీయకుండానే పేపరు రాసేసినారు.”

చెంచులక్ష్మి ఆ మాట నెమ్మదిగా మింగింది. “అంటే నా బిడ్డని ఊరికే కూసోబెట్టినారా?”

“రేపు ఆ మాటే అడగబోతుండా.”

చెంచులక్ష్మి వెళ్ళాక తండ్రి పోలేరయ్య షెడ్డులోంచి వచ్చాడు. వాళ్ళ మాటలు అప్పటికే అతని చెవిన పడ్డాయి. కాళ్ళు కడుక్కుని కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు.

“ఉద్యోగం పోతాదేమో మే.”

“పోతాది నాయనా.”

“షెడ్డు వాళ్ళు కట్టించిందే. పెద్దోళ్ళు నా మీద పడతారు. నువ్వొక్కదానివీ గమ్మునుంటే అయ్యే పనికి...”

“నువ్వు పట్టుకొచ్చిన చేపే అని చెప్పి, ఎవురో కుళ్ళిన చేప నీ పేరుతో సంతలో అమ్మితే గమ్మునుంటావా?”

పోలేరయ్యకి కోపం వచ్చింది, నిజంగా జరిగింది కాదని తెలిసినా. “నా పేరుతోనా? యెముకలిరగ్గొడతా.”

“అదే నాయనా.”

 పోలేరయ్య చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ వలల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మీటింగు ఆ షెడ్డులోనే పెట్టారు. నిషేధం కాబట్టి మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. స్టేజీ మీద నరేంద్రబాబు, సుశీల్ కుమార్, ఊరి పెద్ద చిన్నబాబు. టేబుల్ మీద పొడి ప్యాకెట్లు గుట్టగా పోసి ఉన్నాయి. సుశీల్ కుమార్ మంచి మాటకారి. శాస్త్రం రుజువు చేసిందన్నాడు, పొడి తాగిన పిల్లలకి రక్తం పెరిగింది, తాగనివాళ్ళకి పెరగలేదన్నాడు. “ఈ మాట నేను కాదు, మీ పాలెం బిడ్డే చెప్పింది. డాక్టర్లతో సమానంగా పేపరు రాసిన స్వర్ణ మేడం గారిని మాట్లాడమని కోరుతున్నా,” అని మైకు అందించాడు.

చప్పట్లు మోగాయి. స్వర్ణ మైకు తీసుకుంది. 

“అక్కల్లారా, అన్నల్లారా, నాకు చప్పట్లు కొట్టబాకండి. ఆ పేపర్లో నా పేరు ఉండాది గాని ఆ మాట నేను చెప్పలేదు. ఆ లెక్క తప్పు.”

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“పరీక్షలో ముప్పై అయిదొస్తే పాసు, ముప్పై నాలుగొస్తే ఫెయిలు. అవునా? ఒక బిడ్డకి ముప్పై అయిదు, ఇంకో బిడ్డకి ముప్పై నాలుగు వచ్చినాయి. పాసైనోడు ట్యూషన్‌కి పోయినాడు, ఫెయిలైనోడు పోలేదు. ట్యూషన్ మహత్యం జూడండి అని ఊరంతా దండోరా ఏస్తే మీరేమంటారు? ఆ ఇద్దరికీ తేడా ఎంత?”

“ఒక్క మార్కు!” అన్నారు వెనకనుంచి ఎవరో.

“మన బిడ్డల లెక్క గూడా అంతే. రెండు జట్లకీ రక్తం పెరిగింది. ఒక జట్టు పాసైంది, ఒక జట్టు ఒక్క మార్కులో తప్పింది. వాళ్ళు పాసు, ఫెయిలు మాత్రం చెప్పినారు. తేడా ఎంతో చెప్పలేదు. పొడి తాగని బిడ్డలు ఎనకబడినారనేది అబద్ధం.”

సుశీల్ కుమార్ లేచి నిలబడ్డాడు. “మేడం, ఇలాంటివి మాట్లాడటానికి ఇది వేదిక కాదు.”

“మా ఊరు, మా బిడ్డల రక్తం సార్. ఇది కాకపోతే ఇంకేది వేదిక?”

నరేంద్రబాబు ఇంకో మైకు అందుకుని, “లెక్కల విషయంలో నిపుణుల మధ్య అభిప్రాయ భేదాలు ఉంటాయి,” అన్నాడు, అందరినీ శాంతపరిచే గొంతుతో.

స్వర్ణ ఆయన వైపు తిరిగింది. “అభిప్రాయం కాదు సార్. తీసివేత. ఈ జట్టు పెరిగినదాంట్లోంచి ఆ జట్టు పెరిగింది తీసెయ్యాలి. మీరు తీసెయ్యలేదు.”

ఎవరు కట్టేశారో గాని ఆమె మైకు ఆగిపోయింది. స్వర్ణ దాన్ని టేబుల్ మీద పెట్టేసింది. అలల హోరు మీదుగా ఒడ్డునుంచి పడవని కేకేసి పిలిచే ఇంట పుట్టిన పిల్ల. మైకు లేకపోయినా ఆమె గొంతు షెడ్డు చివరిదాకా వినపడింది.

“ఇంకొక మాట గూడా ఇనండి. ఈ పొడిని చూపించి వచ్చే నెల నించీ గుడ్డు ఆపేస్తారంట. ఆ పరీక్షలో పొడి తాగిన బిడ్డా గుడ్డు తినింది, తాగని బిడ్డా గుడ్డు తినింది. గుడ్డు తీసేసి పొడి మాత్రం ఇస్తే ఏమైతాదో ఇంతవరకూ ఏ బిడ్డ మీదా చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు ఎట్టా చెప్తారు సార్?”

ఆడవాళ్ళలో గుసగుస మొదలై అరుపులైంది. అందరికంటే ముందు లేచింది చెంచులక్ష్మి. “నా బిడ్డ ఎనకబడిందని మా అత్తతో చెప్పినావే! ఇప్పుడు ఆ మాట అందరి ముందరా మళ్ళీ చెప్పు!” అని సుశీల్ కుమార్‌ని నిలదీసింది. ఆయన నోరు తెరిచాడు గాని ఏ మాట వచ్చిందో ఎవరికీ వినపడలేదు.

ఊరి పెద్ద చిన్నబాబు కిందికి వంగి, ముందు వరుసలో ఉన్న పోలేరయ్యని కసిరాడు. “ఏందయ్యా ఇది? బిడ్డని కిందికి దింపు!”

పోలేరయ్య లేచాడు. స్టేజీ వైపు రెండడుగులు వేసి ఆగాడు. “నా మాట ఇనే బిడ్డయితే పదో తరగతిలోనే పెళ్ళి చేసుకుని ఉండేది అన్నా,” అన్నాడు. “అప్పుడే ఇనలేదు. ఇప్పుడు ఇంటాదా?” అని మళ్ళీ వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

ఆ రోజు ఒక్క ప్యాకెట్టు కూడా కదల్లేదు. ఆడవాళ్ళు ఒకటే మాట మీద నిలబడ్డారు. పొడి ఇస్తే ఇవ్వండి, తాగిస్తాం, గుడ్డు మాత్రం ఆపబాకండి అన్నారు. వినకపోతే పిల్లల్ని అసలు సెంటరుకే పంపేది లేదన్నారు. పిల్లలు రాని సెంటరుని ట్రస్టు ఎవరికి చూపించుకుంటుంది? ఆ పాలెంలో గుడ్డు ఆగలేదు. పక్క పాలేలకీ కబురు పాకింది. అక్కడా ఆగలేదు. దక్షిణాన కొన్ని ఊళ్ళలో మాత్రం గుడ్డు పోయి పొడే మిగిలింది. 

కాలేజీ ఊరుకోలేదు. సంస్థ పరువు బజారుకీడ్చినందుకు క్షమాపణ రాసివ్వమని మెమో ఇచ్చారు. నరేంద్రబాబు ఆమెని గదికి పిలిచి తలుపు వేశాడు.

“నీకీ ఉద్యోగం ఇప్పించింది నేను,” అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది.

“మరిచిపోలేదు సార్. లెక్కలు సరిగ్గా కట్టడానికే ఇప్పించారనుకున్నాను.”

“నాకొక్కడికి చెప్పుంటే సరిపోయేది గదా.”

“మీకే ముందు చెప్పాను సార్. తీరిగ్గా చూద్దామన్నారు. గుడ్డు ఆపడానికి మాత్రం ఎవరికీ తీరిక అక్కర్లేకపోయింది.” ఆమె మెమో టేబుల్ మీద పెట్టింది. “ఇప్పటికీ మించిపోయింది లేదు. మీరూ సంతకం పెట్టండి, ఇద్దరం కలిసి పత్రికకి రాద్దాం. పొడి బాగుందో లేదో మళ్ళీ మొదట్నించీ, సరిగ్గా చూద్దాం. నేనే పని చేస్తాను.”

 ఆయన ఆ సంతకం పెట్టి ఉంటే ఏమై ఉండేదో! పెట్టలేదు. స్వర్ణ ఒక్కతే పత్రికకి రాసింది. క్షమాపణ మాత్రం రాయలేదు. ఏడాది చివర ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

పత్రికవాళ్ళు మొదట జవాబే ఇవ్వలేదు. మళ్ళీ రాసింది. రచయితల మధ్య గొడవలు మీరే తేల్చుకోండన్నారు. ఇది గొడవ కాదు, లెక్క, ఎవరికైనా ఇచ్చి కట్టించి చూడండని మూడోసారి రాసింది. నెలలు గడిచాయి. ఇంటి దగ్గర కావలి డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొచ్చింది. సంబంధం లేని విషయంలో తలదూర్చి చెడిందని బంధువులు అనుకోవడం ఆమె చెవినా పడింది. “సంబంధం లేకపోవడమేంటి, దాని మీద నా పేరుంటే!” అని వాళ్ళ మొహం మీదే అనేసేది.

చివరికి పత్రిక బయటి నిపుణుడొకరికి అప్పగించింది. ఆయన లెక్క స్వర్ణ లెక్కతో కలిసింది. పేపరుని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటన వేశారు. అందులో చివరి వాక్యం ఇదీ: ‘రచయితల్లో స్వర్ణ ఈ నిర్ణయంతో ఏకీభవించారు. మిగతా నలుగురూ ఏకీభవించలేదు.’

ఆమె ఆ వాక్యం తండ్రికి చదివి, తెలుగులో చెప్పింది.

“నలుగురు ఒక పక్క, నువ్వొక్కదానివీ ఒక పక్కనా?” అన్నాడు పోలేరయ్య.

“అవును నాయనా.”

“అట్టనే అచ్చేసినారా? చెరిపేసేదానికి లేదు గదా?” అని మళ్ళీ అడిగాడు. చెరపడానికి లేదని తెలిశాక అతని ముఖం వెలిగింది.

ట్రస్టు ఎక్కడా తప్పు ఒప్పుకోలేదు. దక్షిణాది ఊళ్ళలో మాత్రం చప్పుడు చేయకుండా గుడ్డు మళ్ళీ మొదలుపెట్టింది.

తర్వాత చెన్నైలో ఒక పెద్ద పరిశోధన సంస్థ స్వర్ణని ఇంటర్వ్యూకి పిలిచింది. ప్రశ్నలన్నీ బాగా సాగాయి. చివర్లో ఒక పెద్దాయన ఆమె కాగితాలు తిరగేస్తూ, “రేపు మా పేపర్లో తప్పు కనపడితే ఏం చేస్తారు?” అని అడిగాడు.

“ముందు మీకే చెబుతాను.”

“మేం వినకపోతే?”

“పోయినసారి ఏం చేశానో మీ చేతిలోనే ఉంది గదా సార్.”

ఆ ఉద్యోగం ఆమెకి రాలేదు. కొన్నాళ్ళకి తిరుపతిలో మరో సంస్థ పిలిచింది. అక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందుకని కూర్చోగానే స్వర్ణే మొదలుపెట్టింది. “నా పేరున్న ఒక పేపరుని వెనక్కి తీసుకున్నారు. తీయించింది నేనే. ముందు అది వినండి, ఆ తర్వాత మీకు కావాల్సింది అడగండి,” అంది.